వార్డ్‌బాయ్ తల్లి

మార్చి 4

వదినగారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు మాత్రం నన్నడక్కుండానే రాజీనామా ఇచ్చేశాయి.

మన పిల్లల పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను మీకు పంపినవి మూడు కార్డులు. అవీ పండక్కి అచ్చేసినవి. ఇప్పుడీ ఉత్తరం ఎందుకో సూటిగా చెబుతాను. ముప్ఫయ్యారేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, చుట్టూ తిప్పి మాట్లాడటం నాకు చేతకాదు. మా అబ్బాయి సంగతేమిటి? ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా, భోంచేశావా, మందులేసుకున్నావా" అని మూడు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాడు. కోడలికివ్వమంటే స్నానానికెళ్ళిందంటున్నాడు. పోయిన నెలలో తొమ్మిదిసార్లు చేశాను. తొమ్మిదిసార్లూ ఆ అమ్మాయి స్నానంలోనే ఉంది. ఇంత శుభ్రమైన కోడలు దొరికినందుకు దేవుణ్ణి స్తుతించాలో, అనుమానపడాలో తెలియడం లేదు.

అక్కడి సీసాల ఫ్యాక్టరీ మూసేశారని మా చర్చిలో ఎవరో అన్నారు. నేను నమ్మలేదు. అరవైమంది మీద షిఫ్టు ఇన్‌ఛార్జి వాడు. కొలిమి రంగు చూసి లోపల వేడెంతో చెప్పగలడు. అలాంటివాణ్ణి ఎవరు వదులుకుంటారు? మీరు వాళ్ళ వీధిలోనే ఉంటారు కాబట్టి అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు రాయండి. నోటితో ఆడినంత సులువుగా చేత్తో అబద్ధం రాయలేరు ఎవరైనా.

మీ వియ్యపురాలు


మార్చి 12

వదినగారికి నమస్కరించి రాసేది ఏమంటే,

మీ ఉత్తరం చేతులు కడుక్కుని మరీ విప్పాను. నా రాత కోడి గీకినట్టుంటుంది. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపకండి, మా అమ్మాయి నవ్వుతుంది.

మీరు విన్నది నిజమే. ఫ్యాక్టరీ అక్టోబరులోనే మూసేశారు. "అమ్మకి నేనే చెప్తాను అత్తయ్యా, మీరు చెప్పొద్దు" అని అల్లుడుగారు నా దగ్గర మాట తీసుకున్నారు. మా అమ్మాయి స్నానంలో లేదండీ. మీతో అబద్ధమాడే ధైర్యం లేక, ఫోన్ మోగినప్పుడల్లా పోయి మెట్ల మీద నిలబడేది.

మొదటి రెండు నెలలూ ఆయన తిరగని ఆఫీసు లేదు. ఆ తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. గెడ్డం పెరిగింది. అడిగితే మాట, పెడితే తిండి. చర్చికి రావడం మానేశారు. మా చర్చంటే మీ చర్చిలాంటిది కాదు, సైకిలు షాపు మీద ఒక గది, ముప్ఫైమందిమి. ఒకరు రాకపోతే పన్ను ఊడినట్టు కనిపిస్తుంది. పాస్టరుగారు ఇంటికొస్తే అల్లుడుగారు మర్యాదగానే కూర్చోబెట్టి, "నా ప్రార్థన పైకప్పుకి తగిలి నా నెత్తి మీదే పడుతోందండీ" అన్నారు. ఆయన టీ తాగి, తల నిమిరి వెళ్ళిపోయారు.

ఇప్పుడేం భయం లేదు. పెద్దాసుపత్రిలో పని దొరికింది. ఐదు వారాలైంది. మొహంలో మళ్ళీ మనిషి కనిపిస్తున్నాడు. ఇప్పటికే సగం మాట తప్పాను, ఇంతకన్నా రాస్తే మొత్తం తప్పినట్టు. మిగతాది ఆయనే చెప్పాలి.

నేను జనవరిలో మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నా. కుట్టు మిషను తొక్కడానికి ఇంకా కాలు రాదు. గుండీలూ కాజాలూ చేత్తో కుట్టుకుంటూ కాలక్షేపం.

ఉంటాను,
మీ వదిన


మార్చి 20

ప్రియమైన వదినగారికి,

దేవునికి స్తోత్రం! ఐదు నెలలు నాకు దాచినందుకు వాడి మీద కోపం తర్వాత తెచ్చుకుంటాను. ముందు నన్ను సంతోషపడనివ్వండి.

ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. మా వాడి ఫ్యాక్టరీ మూతపడిందనీ, నాలుగు నెలల పరీక్ష తర్వాత ప్రభువు వాణ్ణి పెద్దాసుపత్రిలో అధికారిగా నిలబెట్టాడనీ చెప్పాను. అంత ఆసుపత్రి అంటే బాయిలర్లుంటాయి, జనరేటర్లుంటాయి, లిఫ్టులుంటాయి. కొలిమి నడిపినవాడికి అవో లెక్కా? వాటన్నిటి మీదా వీడే అయి ఉంటాడు. తోకగా ఉంచేవాడు కాదు మన దేవుడు, తలగా చేస్తాడు అన్నాను. మూడువందలమంది ఆమేన్ అన్నారు. మా స్త్రీల సమాజంలో బ్యాంకు మేనేజరు భార్య ఒకామె ఉంది. తన కొడుకు కారు గురించి తప్ప నోరు విప్పదు. ఆవిడ లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నా మోకాళ్ళు కూడా నొప్పెట్టలేదు.

వాడి గదికి ఇత్తడి నామఫలకం చేయిస్తున్నాను. తలుపు వెడల్పెంతో కొలిచి రాయండి. మీ దగ్గర టేపుంటుంది కదా.

మీ వియ్యపురాలు


ఏప్రిల్ 1

వదినగారికి,

తలుపు కొలవడం కుదర్లేదండీ. అల్లుడుగారికి ఒక గదంటూ లేదు. పొద్దుట వెళ్తే సాయంత్రం దాకా అన్ని గదులూ తిరుగుతూనే ఉంటారు. ఒక్కరోజు రాకపోతే నర్సులు మొదలుకుని డాక్టర్ల దాకా అందరూ కంగారుపడతారు. అంత పని చేస్తారు. రోగులైతే ఆయన పేరే కలవరిస్తారు.

ఇత్తడి పలక ఇప్పుడే చేయించకండి. తొందరేముంది? దయచేసి ఆగండి.

కాలు కొంచెం నయం. నిన్న మిషను దగ్గర కూర్చుని చూశాను, తొక్కలేదు.

మీ వదిన


ఏప్రిల్ 9

వదినగారికి,

ఒక గది లేదు, అన్ని గదులూ తిరుగుతాడు అని రాశారు. అంటే అన్ని గదులూ వాడివే అన్నమాట! నేను బాయిలర్ల దగ్గరే ఆగిపోయాను, వాడు మొత్తం ఆసుపత్రికే పర్యవేక్షకుడన్నమాట. మీ నిగర్వం నాకు నచ్చింది వదినగారూ. నేనైతే పైనుంచి కింద దాకా వర్ణించి రాసేదాన్ని.

పలక తయారైంది. "పర్యవేక్షకులు" అని చెక్కించాను. తలుపు లేకపోతే బల్ల మీద పెట్టుకుంటాడు.

మీ వియ్యపురాలు


ఏప్రిల్ 27

మా చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన పిత్తాశయంలో రాళ్ళకి మీ ఊరి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. నిన్న ఆరాధన అయ్యాక, ఆరుగురు వింటుండగా, ఎంతో మంచిగా, "టీచరుగారూ, మీ అబ్బాయి నాకు చాలా సేవ చేశాడండీ, బెడ్‌పాన్ అందించడం, తీసి కడగడం, అన్నీ అతనే" అన్నారు. బ్యాంకు మేనేజరు భార్య ఆ ఆరుగురిలో ఉంది.

వార్డ్‌బాయ్. నలభై రెండేళ్ళవాడు, ఇంకా బాయ్!

మీకు మొదట్నుంచీ తెలుసు. అన్ని గదులూ తిరుగుతాడని రాశారు. రోగులు కలవరిస్తారని రాశారు. ఒక్క మాట అబద్ధం లేదు, ఒక్క మాట నిజం లేదు. మీరు టేపు పెట్టి కొలిచింది తలుపుని కాదు, నా తెలివితక్కువతనాన్ని. వాడి నాన్న పోయాక ఒక్కదాన్నే వాణ్ణి చదివించింది ఒకరి ఎంగిలి గిన్నెలు కడగడానికి కాదు, ఇక ఆ గిన్నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ ఇళ్ళల్లో ఏ పనైనా పనే కావచ్చు. మా ఇంట్లో కాదు.

నేను పనిచేసిన బళ్ళో లెక్కల టీచరు ఖాళీ ఉంది. నేను ఒక్క మాటంటే ఇస్తారు. వాణ్ణి వెంటనే బయల్దేరమనండి. మీ అమ్మాయి వస్తే రానివ్వండి, రాకపోతే స్నానం చేసుకోమనండి.


మే 5

వదినగారికి,

ఉత్తరం అందిన రోజు చదివి, మడిచి పెట్టెలో పెట్టేశాను. రెండో రోజు అల్లుడుగారికి చూపించి, నా మాట నాకు వెనక్కిచ్చెయ్యమన్నాను. "రాసెయ్యండి అత్తయ్యా" అన్నారు. కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నా.

జనవరిలో నన్ను ఆసుపత్రిలో వేశారు కదా. మా అమ్మాయి పనికెళ్ళాలి, అందుకని పగలంతా అల్లుడుగారే నాకు తోడు. తోడంటే, వరండాలో బల్ల మీద కూర్చుని గోడకేసి చూడటం. ఇంట్లో కిటికీ, అక్కడ గోడ, అంతే తేడా. వరండాకి అవతల మగవాళ్ళ వార్డు. అందులో ఒక ముసలి లారీ డ్రైవరు, రెండు కాళ్ళకీ సిమెంటు కట్టు, చూడ్డానికి ఎవరూ రారు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన పక్క పాడు చేసుకున్నాడు. నలభై మంచాలకి ఇద్దరే వార్డ్‌బాయ్‌లు. ఒకడు సెలవు, ఒకడు ఆపరేషన్ థియేటర్లో. ముసలాయన పిలుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కు మూసుకుని అటు తిరిగారు. వాసన మా వార్డు దాకా వచ్చింది. అల్లుడుగారు లేచారు. తలుపు వెయ్యడానికి లేచారనుకున్నా. ఆ తలుపులోంచి లోపలికెళ్ళారు.

నా మంచం మీంచి అంతా కనబడుతోంది. నర్సునడిగి గిన్నె, తువ్వాలు తీసుకున్నారు. ఆ ముసలాయన సిగ్గుతో అల్లుడుగార్ని తిట్టని తిట్టు లేదు, తల్లినీ తండ్రినీ కలిపి. అంటే మిమ్మల్ని కూడా తిట్టాడండీ, ఏమనుకోకండి. ఈయన ముసలాయన ఒళ్ళంతా తుడిచి, పక్క మార్చి, చివర్న కట్టు బయటికున్న పాదాలు కడిగారు. వేలు వేలు మధ్యా. అప్పటికి ఆ ముసలాయనకి తిట్లు అయిపోయాయి.

వెనక్కొచ్చి నా మంచం కాళ్ళ వైపు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు కంగారొచ్చింది. "ఏం బాబూ? ఎందుకు పెట్టుకున్నారు ఆ పని? ఆ కుళ్ళు మనకెందుకు?" అన్నాను.

"అది కాదత్తయ్యా. పాదాలు కడుగుతుంటే గుర్తొచ్చింది. ప్రభువు తువ్వాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్ళ దగ్గర కూర్చున్నాడు కదా. చిన్నప్పట్నుంచీ విన్నదే, అమ్మే నేర్పింది. ఇన్ని నెలలూ నేను పైకి చూసి పిలిచాను. మెడలు పీకేలా చూశాను. ఆయన పైన లేడు, కింద నీళ్ళ గిన్నె దగ్గరున్నాడు. నేను చూసిన వైపే తప్పు" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి రెండోసారి వడ్డించమన్నారని మా అమ్మాయి చెప్పింది. మర్నాడు గెడ్డం గీసుకొచ్చారు. నన్ను ఇంటికి పంపేశాక కూడా ఆసుపత్రికి వెళ్ళడం మానలేదు. ఒక వారం అలా చూసి, వార్డు సిస్టరే ఉద్యోగం ఇప్పించింది. మా అమ్మాయి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు యూనిఫాం తనే ఇస్త్రీ చేసింది. పోయిన నెల వేరే ఊరి సీసాల ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పెట్టారు, పాత హోదాయే. ఆలూమగలు రెండు రోజులు కూర్చుని ఆలోచించుకుని, రానని రాసేశారు. అంటే గతిలేక చేస్తున్న పని కాదండీ ఇది.

నా తప్పు కూడా రాయాలి. మా వీధిలో ఎవరడిగినా "మెడికల్ లైన్లో ఉన్నారు" అని తప్పించుకున్నాను. మీరు పర్యవేక్షకుణ్ణి చేశారు, నేను కాంపౌండర్ని చేశాను. ఇద్దరం ఒకే గుడ్డలో కత్తిరించిన ముక్కలం. మా ఇళ్ళల్లో ఏ పనైనా పనే అన్నారు. మీరు తిట్టుగా రాశారు. నేను మెప్పుగా తీసుకున్నాను. దానికి నేను తగినదాన్నవ్వాలి.

మీకెందుకు చెప్పలేదని ఆయన్ని అడిగితే ఏమన్నారో అది కూడా రాసేస్తాను. "నాకు బెడ్‌పాన్ అంటే సిగ్గులేదత్తయ్యా. అమ్మ సిగ్గుపడితే చూళ్ళేను."

మీ వదిన


జూన్ 2

వదినా,

"గారు" తీసేశాను. ఇంత జరిగాక మనిద్దరి మధ్యా అదొక్కటి ఎందుకు?

నీ ఉత్తరం చదివిన రోజు చింపేశాను. మర్నాడు ముక్కలు ఏరి జిగురుతో అతికించాను. పోయిన మంగళవారం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి మీ ఊరొచ్చాను. మీ ఇంటికి రాలేదు, క్షమించు. తిన్నగా ఆసుపత్రికెళ్ళి, వాడు పనిచేసే ఆరో వార్డు ఎక్కడో అడిగి, ఎదురుగా బెంచీ మీద, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను. తలుపు బార్లా తీసుంది. రెండు గంటలు చూశాను.

నీలం చొక్కా వేసుకున్నాడు. చిక్కాడు. గిన్నెలో నీళ్ళు పోసి, వేడి ఎలా ఉందో మోచెయ్యి పెట్టి చూశాడు. పసిపిల్లలకి స్నానం పోసేటప్పుడు తల్లులు చూసే పద్ధతి అది. వాడికి పిల్లలు లేరు. మరి ఎక్కడ నేర్చుకున్నాడు? నా దగ్గరేనా? ఒక ముసలాయన, రెండు కాళ్ళకీ కట్లు, నువ్వు రాసిన డ్రైవరే అయ్యుంటాడు, మళ్ళీ ఆపరేషన్‌కి వచ్చాడేమో, నీళ్ళు కాలుతున్నాయని బూతులు తిట్టాడు. మా వాడు నవ్వుతూ "నోరు బాగా పనిచేస్తోంది తాతా, ఇక కాళ్ళొక్కటే బాగుపడాలి" అన్నాడు. వార్డంతా నవ్వింది. వదినా, బళ్ళో ఫస్టు వచ్చినప్పుడూ, షిఫ్టు ఇన్‌ఛార్జి అయినప్పుడూ వాడు నాకు నవ్వు మొహం చూపించాడు. అది నా కోసం నవ్విన నవ్వు. ఈ నవ్వు నేను ఇంతవరకు చూడలేదు.

బెంచీ మీద పక్కనున్నావిడ అడిగింది: "మీవాళ్ళెవరైనా లోపలున్నారాండీ?"

"లేరండీ" అన్నాను.

పేతురు గురించి పిల్లలకి ఎన్ని ఆదివారాలు పాఠం చెప్పానో లెక్కలేదు. ఎంత పిరికివాడో అని ప్రతిసారీ చెప్పాను. కోడి కూసేలోపు యేసు ఎవరో తనకి తెలీదని ఆయన మూడుసార్లు అన్నాడు, నేను ఒక్కసారే అన్నాను. కోడి కూయలేదు గాని, ఎవరో ట్రాలీ తోసుకెళ్ళిన చప్పుడైంది. లేచి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దుమ్ము పడిందని అందరికీ చెప్పుకుంటూ ఇంటిదాకా ఏడ్చాను.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. ముప్ఫయ్యారేళ్ళు క్లాసు ముందు నిలబడినదాన్ని, ముందు బెంచీ అంచు పట్టుకుని నిలబడ్డాను. "మార్చిలో నేను ఇక్కడ చెప్పింది తప్పు. నా కొడుకు అధికారి కాదు. పెద్దాసుపత్రిలో వార్డ్‌బాయ్. లేవలేనివాళ్ళ మలమూత్రాలు ఎత్తుతాడు, వాళ్ళ ఒళ్ళు కడుగుతాడు. వేరే ఫ్యాక్టరీ పిలిచినా వెళ్ళలేదు. మంగళవారం నేను వాణ్ణి చూశాను, నా కొడుకని చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. వాడు నా కొడుకు" అని కూర్చున్నాను.

ఆమేన్ ఒక్కటీ రాలేదు. ఎవరో దగ్గారు. పాస్టరుగారు పాట అందుకోమన్నారు.

పాట మధ్యలో ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. మా బళ్ళో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసినామె. మరుగుదొడ్లు కడిగేది, పిల్లలు వాంతి చేసుకుంటే ఎత్తేది. రోజూ నా గదిలోకి వచ్చి నిలబడేది, పని చెబితే వెళ్ళేది. చర్చిలో కూడా ఎప్పుడూ ఆఖరి వరసే. పాటల పుస్తకం నా వైపు సగం జరిపింది. ఇరవై రెండేళ్ళలో ఆమెకి నేను ఒక్కసారి కూడా కుర్చీ చూపించలేదని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకే పుస్తకంలో పాడాం. ఆమె గొంతు చాలా బాగుంటుంది వదినా. అది కూడా నాకు తెలియదు.

ఇత్తడి పలక కంసాలికి తిరిగిచ్చేశాను. చెక్కినది చెరపడం కుదరదట, కరిగించాలన్నాడు. కరిగించమన్నాను.

ఈ ఉత్తరం మా వాడికి ఇవ్వు. వాడికి విడిగా రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టాను, "ప్రియమైన కుమారునికి" దగ్గరే ఆగిపోతోంది.

మీ వదిన, వార్డ్‌బాయ్ తల్లి


జూన్ 10

వదినా,

నువ్వు గారు తీసేశావు కాబట్టి నేనూ తీసేస్తున్నా. అలవాటయ్యేదాకా భయంగానే ఉంటుంది.

ఉత్తరం పట్టుకుని నేనే ఆసుపత్రికెళ్ళాను. చేతికర్ర లేకుండా. అల్లుడుగారు వెనక మెట్ల మీద కూర్చుని చదివారు. ఒకసారి చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివారు. తర్వాత తలెత్తి "అమ్మ వచ్చిందా? రెండు గంటలు కూర్చుందా? అయ్యో, ముందే చెబితే మంచి చొక్కా వేసుకునేవాణ్ణి కదా అత్తయ్యా!" అన్నారు. అని నవ్వబోయి, మొహం మోకాళ్ళలో దాచుకున్నారు. నేను ఆ తల మీద చెయ్యేసి కూర్చున్నా. పెళ్ళయిన పదకొండేళ్ళలో అల్లుడి తల ముట్టుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత ఆయన్ని పట్టుకోలేకపోయాం. మంచం మంచానికీ వెళ్ళి చెప్పడమే. "మా అమ్మ పెద్ద టీచరు. మూడువందలమంది ముందు లేచి నిలబడి, నేను వార్డ్‌బాయ్‌నని చెప్పింది. నా కొడుకని చెప్పింది." పాపం, జ్వరాలతో ఉన్నవాళ్ళు, అందులో గొప్పేమిటో అర్థంగాక తలూపుతున్నారు. ఆయన ఆగితేనా! ఇంజెక్షన్ ఇస్తున్న నర్సుని కూడా ఆపి చెప్పారు. నీకున్న గొప్పలు చెప్పుకునే అలవాటు అల్లుడికీ ఉందని ఇప్పుడే తెలిసింది, నిజంగా నీ కొడుకే.

నేనూ మా వీధిలో చెప్పేశాను. కుట్టుకిచ్చిన గుడ్డలు తీసుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, గుడ్డలతో పాటు ఇదీ మడిచి ఇచ్చాను. ఒకామె వంకరగా నవ్వింది. ఆమె గుండీలు గట్టిగానే కుట్టాను.

ఆ రోజు వార్డులో అల్లుడుగారు చివరికి ఆ లారీ డ్రైవరు దగ్గరికొచ్చారు. ముసలాయన అంతా విని, ఎప్పటిలా తిట్టలేదు. కప్పుకేసి చూస్తూ పడుకుని, "నాకూ ఉన్నాడొక కొడుకు. నేనెక్కడున్నానో వాడికి తెలీదు, వాడెక్కడున్నాడో నాకు తెలీదు" అన్నాడు. తల ఇటు తిప్పి, "మీ అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

"ఎందుకు తాతా?"

"ఒకసారి నా మంచం దగ్గరికి రమ్మను. నిన్ను తిట్టిన తిట్లలో సగం ఆమెకే తగిలాయి. అవి నేను వెనక్కి తీసుకోవాలి. నేను లేచి వెళ్ళలేను కదా, ఆమెనే రమ్మను."

అది చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత తొందరగా రాస్తున్నా. ఆయన ఆపరేషన్ వచ్చే శుక్రవారం. ఈలోపే రా. బస్టాండు దగ్గర అల్లుడుగారు ఉంటారు. డ్యూటీ దిగి తిన్నగా వస్తారు కాబట్టి యూనిఫాంలోనే ఉంటారు.

మీ వదిన